అన్నీ ఆపినా తిరిగిన చక్రం

ఆదివారంలోగా ఇల్లు ఖాళీ చెయ్యమని ఇంటి యజమానురాలు కామాక్షమ్మ గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళిన దగ్గర మనం ఆగాం. ఆనందకుమారి ఆడపిల్లల బడిలో టీచరు. ఉబ్బసంతో బాధపడే తల్లి రెబెక్కమ్మను వెంటబెట్టుకుని కావలి వీధులన్నీ తిరిగితే, చివరికి ఆమె భర్త, బియ్యం మిల్లు పద్మనాభయ్య గారి ఇంట్లో వెనకవైపు రెండు గదులు దొరికాయి. ఇప్పుడు అవీ పోయేట్టున్నాయి. కారణం కరెంటు. ఇంటి మొత్తానికీ ఒకటే మీటరు. నెల రోజులుగా అది ఎన్నడూ లేనంతగా పరుగు తీస్తోంది. ఈ వేసవిలో కొత్తగా ఫ్యాను పెట్టించుకున్నది ఆనందకుమారి ఒక్కతే గనక తప్పు ఆమెదేనని కామాక్షమ్మ తేల్చేసింది.

ఆ ఇల్లాలి మనసు కూడా ఆ నెలంతా మనసులో లేదు. సరిగ్గా నెల కిందట మిల్లులో ఓబయ్య అనే కూలీ దొంగతనంగా లాగిన కరెంటు తీగె తగిలి చచ్చిపోయాడు. ఆ దొంగతీగె వేసింది మిల్లు గుమాస్తా రమణయ్యేననీ, పోలీసులు వచ్చేలోపల పారిపోయాడనీ ఊరంతా చెప్పుకుంటోంది. రమణయ్య కామాక్షమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు.

శనివారం పొద్దున పదకొండు గంటలకే వడగాలి లేచింది. పద్మనాభయ్య మిల్లుకు వెళ్ళిపోయాడు. ఆనందకుమారి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"కామాక్షమ్మ గారూ, ఒక్క పది నిమిషాలు నాతో రండి. ఆ తరవాత మీరు పొమ్మంటే పోతాను."

"ఏందమ్మా చూసేది? చెప్పేది చెప్పినా గదా" అంటూనే కామాక్షమ్మ కొంగు దోపుకుని లేచింది. ఆమె నోరు గట్టిదే. కానీ రెబెక్కమ్మకు దగ్గు ముదిరిన రోజున మిరియాల కషాయం కాచి పంపిందీ ఆమే.

ఇద్దరూ ముందు వసారాలోకి వచ్చారు. గోడమీద నల్లటి మీటరు పెట్టె. అద్దం వెనక సన్నటి చక్రం, దాని అంచున ఒక ఎర్ర గుర్తు.

"నేను కరెంటు దుబారా చేసే మనిషిని కాదండీ. నా ఫ్యాను ఎంత తింటుందో మీ కళ్ళతో మీరే చూడండి" అన్నది ఆనందకుమారి.

నిజానికి ఆ ఫ్యాను కొనడానికి ఆమె పడ్డ ఆలోచన ఇంతా అంతా కాదు. తల్లిని గాలాడే చోట పడుకోబెట్టమని డాక్టరు చెప్పగానే, కరెంటు పనులు చేసే క్రీస్తురాజును వెంటబెట్టుకుని నెల్లూరు వెళ్ళింది. కొట్లో యాభై ఆరంగుళాల ఫ్యాను చూపించి అదే తీసుకోమన్నారు. క్రీస్తురాజు ఒప్పుకోలేదు. "ఎనిమిదడుగుల గదికి అంత రెక్క ఎందుకు టీచరమ్మా? ముప్పై ఆరంగుళాలది చాలు. కరెంటు సగమే తింటాది" అన్నాడు. మిద్దె ఎత్తుగా ఉందని పొడుగు గొట్టం వేసి, తలకు తగలనంత మేరకు కిందికి దించి బిగించాడు. ఎదురెదురు కిటికీలు తెరిచి పెట్టమన్నాడు. "మూసిన గదిలో ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పి తిప్పి కొడతాది. అది గదిని చల్లబరచదమ్మా, మనిషి ఒంటిమీద చెమటను ఆరబెడతాది, అంతే. మనిషి లేనప్పుడు తిరిగితే దండగ. రెగ్యులేటరు తగ్గించినాం గదా, కరెంటు మిగిలిందనుకోబాకండి. ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి చూడండి, కాల్తా ఉంటాది. ఆ వేడికి కూడా మీటరు తిరుగుతాది" అని చెప్పాడు. ఆమె ఆ మాటల్ని బడిపిల్లలా తు.చ. తప్పకుండా పాటించింది. తల్లి వసారాలోకి వచ్చి కూర్చుంటే, ఆ కాసేపు కూడా ఫ్యాను ఆపేసేది.

మీటరు చూడటం నేర్పిందీ క్రీస్తురాజే.

"ఇప్పుడు నా ఫ్యాను ఒక్కటే తిరగనిద్దాం. మీ గదుల్లోవి అన్నీ ఆపండి. తరవాత నాదీ ఆపుతాను. అప్పుడు చక్రం నిలబడిపోవాలి. నేను తప్పు చేస్తున్నానో లేదో తేలిపోతుంది" అన్నది ఆనందకుమారి.

కామాక్షమ్మ విసురుగా లోపలికి వెళ్ళింది. ముందు గదిలో ఫ్యాను ఆపింది. రేడియో మీట తిప్పింది. దేవుడి గూట్లో చిన్న బల్బు కూడా ఆర్పి వచ్చింది. ఆనందకుమారి చక్రం మీది ఎర్ర గుర్తు ఎదుటికి రాగానే లెక్క మొదలుపెట్టింది. అది ఒక చుట్టు చుట్టి మళ్ళీ ఎదుటికి వచ్చేసరికి ఇరవై మూడు.

ఆమె నొసలు ముడిపడింది. ఫ్యాను బిగించిన రోజున క్రీస్తురాజు, తనూ ఇక్కడే నిలబడి లెక్కపెట్టారు. అప్పుడు ఆ ఒక్క ఫ్యానుకూ అరవై దాకా పట్టింది.

"ఏం తల్లీ, ఇంత జోరుగా తిరగతా ఉండాది? ఇదేనా నీ పొదుపు?" అన్నది కామాక్షమ్మ.

ఆనందకుమారి వెనక గదికి పరుగెత్తింది. తల్లి మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. స్విచ్చి ఆపింది.

"ఎందుకే ఆపినావు? ఊపిరాడదు నాకు" అన్నది రెబెక్కమ్మ.

"ఒక్క అయిదు నిమిషాలమ్మా" అని విసనకర్ర తల్లి చేతికిచ్చి మళ్ళీ వసారాలోకి వచ్చింది.

కామాక్షమ్మ మీటరు ముందు కొయ్యబారి నిలబడి ఉంది.

చక్రం తిరుగుతూనే ఉంది.

కాస్త నెమ్మదించింది, అంతే. ఎర్ర గుర్తు అద్దం కిందుగా జారిపోయింది, తిరిగి వచ్చింది, మళ్ళీ జారిపోయింది. ఆనందకుమారి రెండుసార్లు లెక్కపెట్టింది. రెండుసార్లూ ముప్పై అయిదుకే వచ్చింది.

"ఇంట్లో అన్నీ ఆపినారా?"

"అన్నీ ఆపినా. దేవుడి దీపం గూడా ఆపినా." కామాక్షమ్మ గొంతులో ఇందాకటి కోపం లేదు. "ఎవరూ వెయ్యకుండా అది ఎట్టా తిరగతా ఉండాది టీచరమ్మా?"

ఆనందకుమారి వెన్నులో చలి పాకింది. బయట మే నెల ఎండ మండిపోతోంది.

కామాక్షమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "వాడు... ఓబయ్య. కరెంటు పట్టుకుని పోయినాడు గదా. దాన్ని వదల్లేదేమో. మా ఇంటి తీగెల్లో వచ్చి కూర్చోనుండాడేమో" అన్నది గుసగుసగా.

"అట్లా అనకండి. కరెంటు ఎక్కడికో పోతోంది. నా ఫ్యాను కంటే పెద్దది ఏదో తిరుగుతోంది. ఈ ఇంట్లో ఇంకో ఫ్యాను ఉందా?"

కామాక్షమ్మ తల మెల్లగా పైకెత్తి కప్పు వైపు చూసింది.

మేడ మీద ఒక గది ఉంది. పద్మనాభయ్య ముందు దాన్ని ఆఫీసు గదిగా కట్టించి, పెద్ద ఫ్యాను ఒకటి వేయించాడు. పైన రేకులు కావడంతో వేడికి కూర్చోలేక మానేశాడు. నెల కిందట దానికి తాళం వేశాడు. పురుగుమందు కలిపిన విత్తనాలు పెట్టానని, ఆ గాలి పీలిస్తే ప్రమాదమని, ఎవరూ మెట్లు ఎక్కవద్దని చెప్పాడు. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది.

"ఆయన రాత్రిళ్ళు అన్నం పైకి తీసుకపోయి తింటుండాడు" అన్నది కామాక్షమ్మ. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నది. "గాలికి బాగుంటాదన్నాడు. ఇద్దరి తిండి తింటుండాడే, ఆకలి పెరిగిందేమో అనుకున్నా." ఒక్క క్షణం ఆగింది. "నీ ఫ్యాను వచ్చినాకనే మీటరు పెరిగిందని నాకు చెప్పింది గూడా ఆయనే. వాళ్ళను ఖాళీ చేయించు, చేయించు అని నెలగా పోరతా ఉండాడు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ "పోదాం" అనలేదు. అయినా ఇద్దరి కాళ్ళూ పెరట్లో మెట్ల వైపే నడిచాయి.

మెట్లు నిప్పుల్లా ఉన్నాయి. వట్టి కాళ్ళతో ఎక్కుతున్నా ఆ మంట తెలియలేదు. ఆనందకుమారి పెదవులు ప్రార్థన మాటల్ని పలుకుతున్నాయి గాని ఒక మాట చెప్పాక రెండోది గుర్తు రావడం లేదు. పైకి చేరగానే ముందు కనబడింది తాళం. నెల రోజులుగా తియ్యని తాళానికి దుమ్ము పట్టి ఉండాలి. దీనికి నూనె రాసి ఉంది. చుట్టూ తలుపుమీద ఆ నూనె మరకలు.

లోపల నుంచి ఒక చప్పుడు వస్తోంది. టక్, టక్, టక్. పాత ఫ్యాను చేసే చప్పుడు.

పక్కనే కిటికీ ఉంది. ఇనుప చువ్వల వెనక చెక్క రెక్కలు బిగించి ఉన్నాయి. రెక్కల సందులోంచి వేడి గాలి ఒకటి వచ్చి ఆనందకుమారి మెడకు తగిలింది. ఆ గాలిలో చెమట వాసన ఉంది, బీడీ వాసన ఉంది. విత్తనాల వాసన లేదు.

కామాక్షమ్మ కాలి మెట్టె గచ్చుమీద 'టింగ్'మంది.

లోపల స్విచ్చి ఆపిన చప్పుడు. టక్, టక్... టక్... చప్పుడు నెమ్మదించింది. ఆగిపోయింది.

ఎవరో లోపల ఊపిరి బిగబట్టి వింటున్నారు.

ఆనందకుమారికి పారిపోవాలనిపించింది. ఆమె మణికట్టు మీద కామాక్షమ్మ గోళ్ళు దిగబడుతున్నాయి. "ఓబయ్యా, నేను నీకేం ద్రోహం చెయ్యలా నాయనా. నీ పెళ్ళాం బిడ్డల్ని నేను చూసుకుంటా. మమ్మల్ని వదిలిపెట్టు" అని ఆమె కళ్ళు మూసుకుని గొణుగుతోంది.

కిటికీ రెక్క వేలెడంత తెరుచుకుంది.

"అక్కా! నువ్వా?"

కామాక్షమ్మ కళ్ళు తెరిచింది. చువ్వల వెనక గడ్డం పెరిగిన ముఖం. గుంటలు పడ్డ కళ్ళు. ఒంటిమీద చొక్కా లేదు. చెమట ధారలు కడుతోంది.

"రమణా!" అని ఆమె కేక పెట్టబోయింది. ఆనందకుమారి చటుక్కున ఆమె నోటిమీద చెయ్యి పెట్టింది.

"గట్టిగా మాట్లాడబాక అక్కా. బావ చంపుతాడు. నీకు చెప్పద్దన్నాడు. చెప్తే నీ ముఖంలో తెలిసిపోతాదంట" అన్నాడు రమణయ్య.

"నెల రోజుల నుంచి నా నెత్తిమీదనే ఉండావా నువ్వు? యాడ పడి చచ్చినావో అని నేను రోజూ ఏడస్తుంటే!"

"యాడికి పోయేది? ఓబయ్య అన్నదమ్ములు నా మీద కేసు పెట్టినారంట. కనబడితే నరికేస్తారంట. కొన్నాళ్ళు దాక్కో, నేను చూసుకుంటానని బావే ఇక్కడ పెట్టినాడు. ఈ రేకుల కింద ఫ్యాను లేకపోతే పగలు బతకలేనక్కా. చప్పుడౌతాదని బావ వద్దంటాడు. ఆయన పోయినాక వేసుకుంటా."

కామాక్షమ్మ చువ్వలు పట్టుకుని తమ్ముడి ముఖంలోకి చూసింది. "కేసు పెట్టింది ఓబయ్య అన్నదమ్ములని ఎవరు చెప్పినారు నీకు?"

"బావే."

"కేసు పెట్టింది మీ బావ రా! ఇనస్పెక్టరు మన వసారాలోనే కూర్చోని రాసుకున్నాడు. నేను మజ్జిగ తెచ్చి ఇచ్చినా. 'తీగె వేసింది నా బావమరిదే, వద్దని చెప్పినా వినలా' అని చెప్పి సంతకం పెట్టినాడు. నా కళ్ళతో నేను చూసినా."

రమణయ్య రెండు చేతులా చువ్వలు పట్టుకున్నాడు.

"తీగె తగిలించింది బావే అక్కా" అన్నాడు చివరికి. గొంతు చిన్నపిల్లవాడిలా అయిపోయింది. "మీటరుకు ఎక్కకుండా స్తంభం మీది నుంచి సరాసరి లాగినాడు. గోడ పక్కన పైతొడుగు లేకుండా వేలాడతా ఉండింది. ఇది మనుషుల్ని తినేస్తాది బావా అని నేనే చెప్పినా. ఆ పొద్దు ఓబయ్య తడి గోనెలు మోస్తా దానికి ఆనుకున్నాడు. కర్రతో కొట్టి విడిపించింది నేను. అప్పటికే అయిపోయినాడు."

"ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?" అని ఆనందకుమారి మొదటిసారి నోరు విప్పింది.

రమణయ్య ఆమెను అనుమానంగా చూశాడు. "మన టీచరమ్మే. చెప్పు" అన్నది అక్క.

"కరెంటు పని చేస్తాడే, క్రీస్తురాజు. ఆ తీగె లాగమని బావ ముందు ఆయన్నే పిలిచినాడు. ఇది దొంగపని, ప్రాణాల మీదికి వస్తాది, నేను చెయ్యనని చెప్పి పోయినాడు. నేను అక్కడే ఉండా."

సాక్షి ఒక్కడైనా ఉన్నాడు అనుకుంది ఆనందకుమారి. క్రీస్తురాజు నోరు విప్పితే చాలు.

"ఇంక నాకు భయం లేదులే అక్కా, ఎల్లుండి అమావాస్య చీకట్లో పోతా" అన్నాడు రమణయ్య. అప్పటికీ అతనికి పూర్తిగా అర్థం కాలేదు. "తుమ్మలపెంట రేవులో బావ పడవ మాట్లాడినాడు. సముద్రం మీద మద్రాసు దాకా పంపిస్తానన్నాడు. అక్కడ ఎవరికీ తెలియకుండా..." అంటూ ఆగాడు. ఏదో గుర్తుకొచ్చినట్టు కనుబొమ్మలు దగ్గరికి వచ్చాయి. "మొన్న అన్నం పెడతా ఒక మాట అడిగినాడు. 'నీకు ఈత వచ్చునా రమణా' అని. రాదన్నా. ఏం ఫర్వాలేదు లే అన్నాడు."

చెప్పిన మాట తనే విన్నాడు. అతని ముఖంలో రక్తం ఇంకిపోయింది.

కామాక్షమ్మ చువ్వలు వదిలేసి గోడకు ఆనుకుంది. "నిన్న నాతో ఏమన్నాడో తెలుసునా? నీ తమ్ముడు ఇంక రాడు, ఆశ వదులుకో అన్నాడు. నా తల నిమిరి చెప్పినాడు" అన్నది.

పద్మనాభయ్య గొంతెత్తి మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఆయన మెత్తదనమే ఇప్పుడు ఆనందకుమారిని ఎక్కువ వణికించింది. ఈ మేడ కింద తల్లిని పడుకోబెట్టి ఆమె రోజూ బడికి వెళ్ళి వస్తోంది.

"అక్కా!" అన్నది. అంతవరకూ ఆమె కామాక్షమ్మను అలా పిలవలేదు. "మీరు ఇంటి దగ్గరే ఉండండి. ఏమీ తెలియనట్టు వంట చెయ్యండి. నేను ఇప్పుడే క్రీస్తురాజు దగ్గరికి పోతాను. ఆయన్ని తీసుకుని ఇనస్పెక్టరు దగ్గరికి పోతాను. బాబూ, నువ్వు కిటికీ మూసెయ్. ఫ్యాను వెయ్యబాక. ఎంత వేడైనా ఓర్చుకో."

"పోలీసులు నమ్ముతారా?" అన్నది కామాక్షమ్మ.

"నమ్మకపోతే ఇక్కడికి తెచ్చి ఈ తాళం చూపిస్తాను."

వాళ్ళు సగం మెట్లు దిగేసరికి వీధిలో జట్కా ఆగింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు గాని రాని మనిషి, పన్నెండు కాకుండానే వచ్చాడు. ఇద్దరూ మిగతా మెట్లు ఎలా దిగారో వాళ్ళకే తెలియదు. కామాక్షమ్మ వంటింట్లోకి దూరింది. ఆనందకుమారి తన గదిలోకి వెళ్ళి చెప్పుల కోసం వెతికింది. తొందరలో కాలు తగిలి ఒక చెప్పు మంచం కిందికి జారిపోయింది.

"ఏమ్మా, పెద్దామెకు ఎట్టా ఉండాది?"

పద్మనాభయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెల్లటి పంచె, భుజం మీద కండువా. ముఖం మీద ఎప్పటి చిరునవ్వే. వెనకాల కామాక్షమ్మ మజ్జిగ గ్లాసుతో నిలబడింది. గ్లాసు అంచు దాటి మజ్జిగ తొణికి ఆమె వేళ్ళమీద కారుతోంది.

"బాగానే ఉందండీ. మందు అయిపోయింది. బజారుకు పోయి తెస్తాను" అన్నది ఆనందకుమారి.

"ఇంత ఎండలోనా? మా జీతగాణ్ణి పంపిస్తా, చీటీ ఇవ్వు." ఆయన చూపు కప్పుకు వేలాడుతున్న ఫ్యాను మీద నిలిచింది. "అరెరె, ఫ్యాను ఎందుకు ఆపినారు? ముసలి ప్రాణం, ఊపిరాడొద్దా?" అని తనే లోపలికి వచ్చి స్విచ్చి వేశాడు. రెక్కలు కదిలాయి.

"నాయనా, చల్లగా ఉండు" అన్నది రెబెక్కమ్మ. లేచి కూర్చుని, ఆ గాలికి ముఖం అప్పగించింది. కొంచెం ఊపిరి అందగానే ఆమెకు మాట్లాడాలనిపించింది. పొద్దుటి నుంచి పలకరించిన మనిషి లేడు. "ఇది తిరగతా ఉంటే నాకు ఏమీ వినపడదయ్యా. ఇందాక ఆగిపొయ్యేసరికి ఎన్నెన్ని మాటలు వినబడినాయో!"

"అమ్మా!" అన్నది ఆనందకుమారి.

"నన్ను చెప్పనియ్యవే. మేడ మీద మీ ఇంటికి ఎవరో చుట్టం వచ్చినట్టుంది గదయ్యా? మగ గొంతు. పాపం, ఎవరో చిన్నవాడే. తుమ్మలపెంట పడవ అంటా ఉండాడు, ఈత రాదు అంటా ఉండాడు. ఈత రానివాణ్ణి పడవలో పంపించబాకండయ్యా. సముద్రం మంచిది కాదు."

పద్మనాభయ్య ముఖంలో నవ్వు అలాగే ఉంది. ఆయన భార్య చేతిలో గ్లాసు అందుకుని, మజ్జిగ చివరిదాకా తాగి, గ్లాసు కిటికీ గూట్లో పెట్టాడు. కండువాతో మూతి తుడుచుకున్నాడు. ఆనందకుమారి కాలికి ఉన్న ఒంటి చెప్పు వైపు ఒకసారి చూశాడు.

"చెప్పులు విప్పెయ్యమ్మా. ఈ పొద్దు ఎవరం యాడికీ పోయే పన్లేదు" అన్నాడు మెత్తగా.

తరవాత నిదానంగా వసారా దాటి వెళ్ళి, వీధి తలుపు రెండు రెక్కలూ దగ్గరికి లాగి, అడ్డగడియ వేశాడు.